కళ్ళలోకి చూసి చెప్పు

పోయిన నెల మా చెల్లెలి కూతురు ఇందు సోమాజిగూడలో ఒక ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్ళింది. అడిగినవాటన్నిటికీ జవాబులు చెప్పింది. ఉద్యోగం మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో అక్కడే పనిచేస్తున్న దాని స్నేహితురాలు కనుక్కుని చెప్పింది. ఇంటర్వ్యూ చేసిన పెద్దమనిషికి దాని చదువూ నచ్చింది, జవాబులూ నచ్చాయి. కానీ అమ్మాయి కళ్ళలోకి చూసి మాట్లాడలేదట, అలా చూడనివాళ్ళు ఏదో దాస్తున్నట్టే లెక్కట. పంజాగుట్ట మెట్రో మెట్ల కింద నిలబడి ఇందు ఈ సంగతి చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. అది మొహం ముడుచుకుని, నా ఉద్యోగం పోతే నీకు నవ్వొస్తోందా పెద్దమ్మా అని అడిగింది. నేను నవ్వింది అందుకు కాదు. పోయి ఎన్నో ఏళ్ళయిన మా తాత, సోమాజిగూడలో ఏసీ గదిలో టై కట్టుకుని కూర్చుని ఇంటర్వ్యూలు చేస్తున్నట్టు కళ్ళముందు కనిపించింది. ఆ మాట చెబితే దానికి మరింత అయోమయం. సరేనని దాన్ని రైలెక్కించి, ఒక్క స్టేషన్ అవతల అమీర్‌పేటలో దింపి, ఒకప్పుడు తాత ఇల్లున్న సందులోకి తీసుకెళ్ళాను. ఇప్పుడక్కడ ఇల్లు లేదు. అయిదంతస్తుల లేడీస్ హాస్టల్ ఉంది, దాని కింద బిర్యానీ సెంటరు. ఆ సెంటర్లో కూర్చునే ఇందుకు ఇదంతా చెప్పాను. చెప్పాక రాసిపెట్టాలని కూడా అనిపించింది.

అప్పట్లో మా నాన్న ఉద్యోగం వరంగల్‌లో. పట్నంలో అయితే ఇంటర్మీడియెట్ బాగా చదువుతుందని నన్ను తెచ్చి తాత దగ్గర వదిలారు. ముందు వసారా, నడుమ రెండు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో వరసగా రేకుల గదులు, ఇదీ ఇల్లు. ఆ రేకుల గదులు కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు అద్దెకిచ్చేవాళ్ళు. అప్పుడే అమీర్‌పేట గోడలన్నీ కోర్సుల బోర్డులతో నిండిపోతున్న రోజులు. సందు చివరికి వెళ్ళి వచ్చేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు పడేవి, నానమ్మ వాటిని పప్పు డబ్బాల అడుగున పరుచుకునేది. పొద్దున్నే నాకు మెలకువ వచ్చేది ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడుకు. రొట్టె కాలే వాసన వంటింట్లోంచి వస్తుంటే, వసారాలోంచి బూటు పాలిష్ వాసన వచ్చేది. రెండూ నడిమింట్లో కలుసుకునేవి. నాకు ఇప్పటికీ ఎక్కడ బూటు పాలిష్ వాసన తగిలినా ఆకలేస్తుంది.

పాలిష్ తాతది. ఆయన పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా బూట్లు పోలేదు. రోజూ పొద్దున వసారాలో గోనెపట్టా పరుచుకుని, బనీనుతో కూర్చుని, ఎక్కడికీ వెళ్ళని ఆ బూట్లను మొహం కనిపించేదాకా రుద్దేవాడు. తర్వాత మీసానికి నూనె. తర్వాత ప్రాంతీయ వార్తలు. వార్తలకోసం ఆయనకో రేడియో ఉండేది, రిటైరయిన రోజున స్టేషన్‌వాళ్ళంతా కలిసి బహుమతిగా ఇచ్చినది. దానికి నానమ్మ కుట్టిన పూల గుడ్డ తొడుగు. వసారా గోడకున్న గూట్లో, దేవుడి పటం పక్కన దాని స్థానం. దేవుడి పటం మీద దుమ్ము ఉన్నా తాత ఊరుకునేవాడేమో గాని రేడియో మీద ఉంటే ఊరుకునేవాడు కాదు.

ఉద్యోగంలో తనకు అబ్బిన గొప్ప విద్య ఒకటుందని తాత నమ్మకం. మనిషి కళ్ళు చూసి, చెప్పేది నిజమో అబద్ధమో తేల్చేయడం. నిజం చెప్పేవాడు కళ్ళలోకి చూస్తాడు, అబద్ధం చెప్పేవాడు చూపు దించేస్తాడు, అంతే సూత్రం. దీన్ని ఆయన ఇంట్లో అందరి మీదా ప్రయోగించేవాడు. నేను కాలేజీ నుంచి ఆలస్యంగా వస్తే, కూరగాయలవాడు తాజావే అంటే, కరెంటు పోయిందని లైన్‌మన్‌ని అడిగితే, అందరికీ ఒకటే మాట: "నా కండ్లల్లకు చూసి చెప్పు." మేమూ అలవాటుపడిపోయాం. బస్సు దొరకలేదని చెప్పాల్సివస్తే, దొరికినా దొరక్కపోయినా, ముందు ఆయన కళ్ళు ఎక్కడున్నాయో చూసుకుని అప్పుడు మొదలుపెట్టేదాన్ని.

ఈ విద్యకు ఇంట్లోనే ఒక విరోధి ఉండేది. తాత చిన్న కూతురు, మా వసంతత్త. యూనివర్సిటీలో సైకాలజీ ఎం.ఏ. చదువుతుండేది. మనుషుల గురించి అందరూ నమ్మే మాట ఏది వినబడినా, దాన్ని పరీక్షించి చూడందే ఆమెకు అన్నం సయించేది కాదు. ఎవరైనా తలుచుకుంటే ఎక్కిళ్ళు వస్తాయని నానమ్మ అంటే, మధ్యాహ్నం అన్నాలవేళ నన్ను పెరటి మెట్ల మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని తాతనే గట్టిగా తలుచుకొమ్మంది. తాను వసారాలో తాత ఎదురుగా కాపలా కూర్చుంది. నేను చెమటలు పట్టేలా తలుచుకున్నాను. తాతకు ఎక్కిళ్ళు రాలేదు. వంటింట్లో ఎండు రొట్టె తింటున్న నానమ్మకు వచ్చాయి. గురి తప్పి తనకు తగిలిందని నానమ్మ తేల్చేసింది, అత్త ఎంత వాదించినా ఒప్పుకోలేదు. అమావాస్యనాడు మనుషులకు తిక్క ముదురుతుందని తాత అంటే, అత్త కొన్నాళ్ళు ఇంట్లో ఎవరు ఎప్పుడు అరిచారో గమనిస్తూ తిరిగింది. తేలిందేమిటంటే, అమావాస్యతో సంబంధం లేదు, గ్యాస్ బండ అయిపోయిన రోజున అందరూ అరుస్తారు. తాత అది విని, బండ ఎప్పుడూ అమావాస్యకే అయిపోతుంది కదా అన్నాడు. తన మాట నిజమైన రోజులే గుర్తుంచుకుని తప్పిన రోజులు మరిచిపోవడం మనుషులందరి గుణమే బాపూ అని అత్త చెప్పేది. తాత అది తనకు వర్తించే మాటగా ఎన్నడూ తీసుకోలేదు.

అప్పుడు మొదటి రేకుల గదిలో రాజ్యలక్ష్మి అనే అమ్మాయి ఉండేది. కాకినాడ పక్క పల్లె. మేము రాజీ అనేవాళ్ళం. మెత్తటి మనిషి. ఎంత మెత్తన అంటే, ఆ అమ్మాయి పెరట్లో ఉన్నదీ లేనిదీ తీగ మీద ఆరేసిన బట్టలు చూసి తెలుసుకోవాల్సిందే. కూతుర్ని పట్నం పంపడానికి వాళ్ళ నాన్న చాలాకాలం ఒప్పుకోలేదట. పోలీసాయన ఇల్లని తెలిశాకే ధైర్యం చేసి దింపి వెళ్ళాడు. దింపేటప్పుడు తాతకు దండం పెట్టి, మీ మనవరాలే అనుకోండి అన్నాడు. తాత ఆయన కళ్ళలోకి చూసి, మంచి మనిషని ధ్రువపరిచాడు.

ఒక మధ్యాహ్నం నేను కాలేజీకి వెళ్ళాను, అత్త యూనివర్సిటీకి వెళ్ళింది. తాత భోంచేసి నడిమింట్లో పడుకున్నాడు. ఇంట్లో మెలకువగా ఉన్నది నానమ్మ, మిగతా పిల్లల్లా క్లాసుకు వెళ్ళకుండా తలనొప్పని ఉండిపోయిన రాజీ, ఇద్దరే. సాయంత్రం తాత లేచి రేడియో తిప్పితే పలకలేదు. ఎత్తి చూస్తే లోపల ఏదో గలగలమంది. వెనక డొప్ప నిలువునా పగిలి ఉంది. ఎవరో కింద పడేసి, మళ్ళీ గూట్లో పెట్టి, పూల తొడుగు సర్ది వెళ్ళారు. నేను ఇంటికొచ్చేసరికి వసారాలో విచారణ నడుస్తోంది. తాత కుర్చీ వేసుకుని, అంతకుముందే మెరుస్తున్న బూట్లు తొడుక్కుని మరీ కూర్చున్నాడు.

ముందు నానమ్మను అడిగాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసి, "నాకేం ఎరుక? నేను వంటింట్ల ఉన్న" అని వెళ్ళిపోయింది. తర్వాత రాజీని పిలిపించాడు. రాజీ గడప దగ్గరే ఆగి, తల వంచి, కాలి బొటనవేలితో నేల గీకుతూ, నాకు తెలీదండి తాతగారూ అంది. తలెత్తి చెప్పమన్నాడు. ఆ పిల్ల ఒక్క క్షణం ఎత్తి మళ్ళీ దించేసింది. ఇంకోసారి చెప్పమన్నాడు. ఈసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల అసలే లేవలేదు. తాతకు ఇక సందేహం లేదు. కోపం తెచ్చుకోలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. రేడియో పగిలితే పగిలింది, అది వస్తువు, ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది, అబద్ధం చెప్పేవాళ్ళను మాత్రం ఇంట్లో ఉంచుకోలేను, నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమని చెప్పాడు.

రాజీ వెళ్ళి తలుపు వేసుకుంది. నేను వెనకే వెళ్ళి కొట్టాను. తీసి, నా చెయ్యి పట్టుకుని, నేను ముట్టుకోలేదు, ఒట్టు అంది. ఆ పిల్ల భయం గది గురించి కాదు. అమీర్‌పేటలో ఇంకో గది దొరక్కపోదు. కానీ పోలీసాయన ఎందుకు ఖాళీ చేయించాడని ఊళ్ళో నాన్న అడుగుతాడు. అబద్ధాలాడిందని తెలిస్తే ఇంకో గది చూసుకోనివ్వడు, సగంలో ఉన్న కోర్సు సగంలోనే మాన్పించి ఇంటికి తీసుకుపోతాడు. మళ్ళీ గడప దాటనివ్వడు. ఆ రాత్రి నానమ్మ తనంత తానుగా గిన్నెలో వంకాయ కూర పెట్టి, రాజీకి ఇచ్చి రమ్మని నన్ను పంపింది. మర్నాడు పచ్చిపులుసు పంపింది. ఆ మర్నాడు సర్వపిండి. ఎప్పుడూ లేనిది ఇదేమిటని నాకు అనిపించింది గాని, జాలిపడుతోంది కాబోలు అనుకున్నాను. తాను మాత్రం సరిగ్గా తినడం లేదని ఆ తర్వాత గాని మాకు తట్టలేదు.

అత్త ఈ తీర్పు విన్న దగ్గరనుంచీ తాతను వదల్లేదు. తల దించుకుంటే అబద్ధమని ఎట్లా అంటావని, భయస్తులు దించుతారని, సిగ్గరులు దించుతారని, పెద్దవాళ్ళ ముందు దించమని నేర్పిన ఇళ్ళలో పెరిగినవాళ్ళు దించుతారని చెప్పింది. తాత అన్నిటికీ, నాది జిందగీ మొత్తం సర్వీసు, నీది రెండేండ్ల చదువు అని ఒకటే జవాబిచ్చాడు. చివరికి అత్త, సరే, నీ విద్య నిజమైతే పరీక్షకు నిలబడాలి కదా అంది. ఆ మాట తాతను పట్టేసింది. ఆయన ఏ పరీక్షకూ వెనకాడే మనిషి కాదు, తప్పుతానన్న అనుమానం ఎన్నడూ లేదు కనుక.

పరీక్ష పద్ధతి అత్త వివరించింది. ఒక్కొక్కరు వచ్చి తాత ఎదురుగా కూర్చుని తమ జీవితంలో జరిగిన రెండు సంగతులు చెప్పాలి. ఒకటి నిజం, ఒకటి కల్పన. ఏది నిజమో తాత తేల్చాలి. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా సగం ఒప్పవుతాయి కనుక, సగం ఒప్పయితే విద్య కింద లెక్కలోకి రాదని, అంతకంటే బాగా చెబితేనే గెలిచినట్టని ముందే ఒప్పించింది. తాత గెలిస్తే అత్త ఇక రాజీ మాట ఎత్తదు. ఓడితే రాజీ గది రాజీదే. ఆదివారం సాయంత్రం వసారాలో చాప పరిచారు. సందు మొదట్లో కిరాణా కొట్టు నడిపే యాదగిరిని కూడా పిలిచారు. ఇంటివాళ్ళ గుట్టు తాతకు తెలిసే ఉంటుంది కనుక బయటి మనిషి కావాలని అత్త పట్టు. రాజీని కూడా రమ్మన్నారు గాని ఆ పిల్ల రాలేదు, గది కిటికీ మాత్రం ఓరగా తెరిచి పెట్టుకుంది.

మొదట నన్ను కూర్చోబెట్టారు. చిన్నప్పుడు వరంగల్‌లో బావిలో పడ్డానని ఒకటి, స్కూల్లో నాటకంలో గాడిద వేషం వేశానని ఒకటి చెప్పాను. గాడిద సంగతి చెబుతుంటే సిగ్గేసి చూపు దించాను. తాత వెంటనే, గాడిద అబద్ధం, బావి నిజం అన్నాడు. గాడిదే నిజం. తర్వాత యాదగిరి. అతను రోజూ వందమంది ఆడవాళ్ళ కళ్ళలోకి చూసి, పప్పు ఇవాళే వచ్చిందని చెప్పే మనిషి. అబద్ధాన్ని పాలు పోసినట్టు చెప్పాడు, నిజం చెప్పేటప్పుడు తడబడ్డాడు. తాత అతని అబద్ధాన్ని భుజం తట్టి మరీ నమ్మాడు. సరదా పుట్టి మళ్ళీ ఆడితే మళ్ళీ అంతే. యాదగిరి సంతోషపడాలో, కొట్టుకు చెడ్డపేరని భయపడాలో తెలియక, పెసరపప్పు మాత్రం నిజంగనే తాజాది పటేలా అన్నాడు. తర్వాత అత్త కూర్చుంది. అక్కడ ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. పక్కింటివాళ్ళు కూడా గోడ మీంచి తొంగిచూసి రెండేసి చెప్పారు. మొత్తానికి తాతకంటే రూపాయి బిళ్ళ నయమని తేలింది.

తాత మాత్రం తొణకలేదు. ఇది ఆట, ఆటలో అబద్ధానికి భయం ఉండదు, భయం లేనివాడి కళ్ళు ఎందుకు దిగుతాయి, నిజంగా తప్పు చేసినవాడి సంగతి వేరు అన్నాడు. అత్త ఒక్క క్షణం ఆలోచించి, అది న్యాయమైన మాటే, ఆట వేరు, అసలు వేరు అని ఒప్పుకుంది. ఆమెలోని ఆ గుణం నాకు అప్పుడు అర్థం కాలేదు. గెలిచే వేళకు ఎదుటివాడి వాదంలో బలం ఉందని ఒప్పుకోవడమేమిటని చిరాకుపడ్డాను. తాత లేవబోయాడు. పరీక్ష తేలకుండానే ముగిసేలా ఉంది.

అప్పటిదాకా గడప దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్న నానమ్మ, తలెత్తకుండా, "నన్ను అడగరా?" అంది.

తాత నవ్వాడు. నీకేం అబద్ధం వస్తదే అంటూనే మళ్ళీ కూర్చున్నాడు. నానమ్మ బియ్యంలో రాయి ఏరి పారేస్తూ మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు పుట్టింట్లో బావిలో నీళ్ళు చేదుతుంటే బొక్కెనలో పాము వచ్చిందని, అందరూ పరుగెత్తారని, తాను మాత్రం చేద విడవకుండా బొక్కెన పక్కకు ఒంపి, పాము పోయాక మళ్ళీ నీళ్ళు చేదుకున్నానని చెప్పింది. ఇది మొదటిది. చాట మీద చెయ్యి ఆగింది గాని తల లేవలేదు. రెండోది చెప్పింది. రేడియో మీద దుమ్ము ఉంటే ఆయన అరుస్తాడని, ఆయన పడుకున్నప్పుడు తుడుద్దామని తీస్తే చెయ్యి జారిందని.

తాత తొడ చరిచి నవ్వాడు. పాము నిజం, రేడియో అబద్ధం, ఆ పిల్లను కాపాడాలని చెబుతోంది, కావాలంటే చూడండి, చూపు చాటలోంచి ఇటు తిరిగిందా అని మా అందరికీ చూపించాడు. ఎన్నో ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఈమె కళ్ళు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయన్నాడు. ఎవరూ నవ్వలేదు. అత్త నెమ్మదిగా, ఏది నిజమమ్మా అని అడిగింది.

"రెండూ నిజమే" అంది నానమ్మ.

అత్త తల పట్టుకుంది. ఒకటి అబద్ధం చెప్పాలని గంట నుంచి చెబుతున్నాను కదా అంది.

"శాన రోజులసంది ఒక అబద్ధం మోస్తున్న బిడ్డా. ఇంకొకటి ఏడ మొయ్యాలె?"

తాత నవ్వు మీసం కిందనే ఎక్కడో ఆగిపోయింది. మెల్లగా అడిగాడు. "మరి గా రోజు నా కండ్లల్లకు సూటిగ చూసి చెప్పినవ్ గదనే."

"చూసిన. కండ్లల్లకు చూస్తె నిజమని పెండ్లయినకాన్నుంచి నువ్వే చెప్తున్నవ్. నీ దగ్గర్నే నేర్చుకున్న."

యాదగిరికి ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేక దగ్గుతున్నట్టు నటించి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అత్తా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం. నానమ్మ మాత్రం అప్పుడే తలెత్తింది. ఆయన రేడియోను మరమ్మతుకు ఇచ్చి మరిచిపోతాడనుకున్నానని, విచారణ దాకా వస్తుందని ఊహించలేదని, ఆ పిల్లను పొమ్మన్నాక చెబుదామంటే నోరు రాలేదని, ముద్ద దిగలేదని ఒక్కొక్కటే చెప్పింది. గెలిచిందెవరో అత్త ప్రకటించలేదు. చాప చుట్టి లోపల పెట్టేసింది. పెరట్లో కిటికీ మూసుకున్న చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున తాత బూట్లు ముందేసుకుని కూర్చున్నాడు గాని, ఒక బూటునే రుద్దుతూ ఉండిపోయాడు. నేను అద్దం ముందు జడ అల్లుకుంటున్నాను. అత్త చాయ్ తెచ్చి ఆయన పక్కన పెట్టింది. తాత బూటు మీదినుంచి కళ్ళెత్తకుండా ఒక కుర్రాడి సంగతి చెప్పాడు. ఎన్నో ఏళ్ళ కిందట, ఎక్కడో ఒక స్టేషన్లో పనిచేస్తున్నప్పుడు, సైకిల్ పోయిన కేసులో నలుగురిని తెచ్చి నిలబెట్టారు. ముగ్గురు సూటిగా చూశారు, ఒకడు తల దించుకున్నాడు. వీడే అని తాత చెప్పాడు. ఎస్సై ఆయన మాట నమ్మాడు, ఎప్పుడూ నమ్మినట్టే. ఆ కుర్రాడు తీయలేదని ఏడ్చాడు. తర్వాత తీశానన్నాడు.

"తీసిండా, దెబ్బలకు ఒప్పుకున్నడా, నాకు తెల్వది వసంతా. ఇన్ని రోజులు తెలుసనుకున్న."

వాదం దొరికితే వదలని అత్త, అప్పుడు చాయ్ చల్లారుతోంది బాపూ అని మాత్రం అంది. ఎప్పుడూ గెలవాలని చూసిన వాదంలో అలా గెలవడం ఆమెకు ఇష్టం లేకపోయిందని ఇప్పుడు నాకు తెలుస్తోంది. మా ఇంట్లో ఆ చాయ్ వేళ ఒక్కటే నవ్వు లేని వేళ.

తాత చాయ్ తాగి, బూట్లు తొడుక్కుని, పెరట్లోకి వెళ్ళి రాజీ గది ముందు నిలబడ్డాడు. అప్పటికే ఆ పిల్ల సగం సామాను పెట్టెలో సర్దుకుంది. తలుపు తీసి, అలవాటుగా తల వంచింది. తాత కూడా వంచాడు. ఇద్దరూ గడప వైపే చూస్తూ మాట్లాడుకున్నారు. "గది ఖాళీ చెయ్యకు బిడ్డా. తప్పు నీది గాదు, నాది. మీ నాయినకు ఏం చెప్పకు, చెప్పేదుంటె నేనే చెప్త" అన్నాడు. రాజీ, "మా ఇంట్లో పెద్దవాళ్ళ మొహంలోకి చూసి మాట్లాడితే పొగరంటారండి తాతగారూ. మీరు పెద్దవారు కదండీ" అంది. నిజానికి అత్త తన చదువంతా ఉపయోగించి వారం రోజులుగా చెబుతున్నది అదే. తాత తల ఊపి, ఇక అక్కడ నిలబడలేక, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, లోపలికి వెళ్ళి పగిలిన రేడియో తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కంప్యూటర్ నేర్చుకుంటున్నావు కదా, దీన్ని జర చూడమన్నాడు. నాది సాఫ్ట్‌వేర్ అండి అంది రాజీ. "ఇది సుత సాఫ్టే, మెల్లగ పట్టుకో" అన్నాడు తాత. ఆ పిల్ల నవ్వడం మేము అప్పుడే మొదటిసారి విన్నాం. కూర్చుని చిన్న స్క్రూలన్నీ విప్పి, మళ్ళీ బిగించేటప్పుడు రెండు మిగిలాయి. చివరికి తాతే దాన్ని యూసుఫ్‌గూడలో రేడియోలు బాగుచేసే మనిషికి ఇచ్చి వచ్చాడు. అది మళ్ళీ పలికింది. రాజీ కోర్సు పూర్తి చేసి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్ళేదాకా ఆ గదిలోనే ఉంది.

బిర్యానీ సెంటర్లో ఇదంతా విని, ఇందు కాసేపు నవ్వింది. ఆ రోజులే బాగుండేవి కదా పెద్దమ్మా అంది. నాకలా అనిపించలేదు. తల దించుకున్నందుకు ఆ రోజు రాజీ ఏడ్చింది, ఇప్పుడు ఇందు ఉద్యోగం పోగొట్టుకుంది. మనిషిని ఒక్క చూపులో తేల్చేయాలన్న తొందర అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, ఇప్పుడు దానికి ఇంగ్లీషు పేరు పెట్టి శిక్షణ కూడా ఇస్తున్నారు. ఈ సందులోనే ఏదో ఒక అంతస్తులో, ఎదుటివాళ్ళ కళ్ళలోకి ఎంతసేపు చూడాలో నేర్పే క్లాసు నడుస్తూ ఉంటుంది. తేడా ఒక్కటే కనిపిస్తోంది. తాత తీర్పు చెప్పాక అదే ఇంట్లో తినాలి, అదే వసారాలో పడుకోవాలి. నువ్వు తప్పు అని చెప్పడానికి కూతురు పక్కనే ఉండేది, చెప్పకనే చెప్పడానికి భార్య చాట పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ఇందును కాదన్న పెద్దమనిషి ఆ సంగతే సాయంత్రానికి మరిచిపోయి ఉంటాడు. ఆయన తప్పాడని ఆయనకు చెప్పేవాళ్ళెవరూ ఆ గదిలో లేరు.

మరి తాత ఆ తర్వాత మారాడా అని ఇందు అడిగింది. మారాడనే చెప్పాలి. కళ్ళలోకి చూసి చెప్పమన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. నేను ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎందుకని అడిగి, చెప్పింది విని ఊరుకునేవాడు. అలా ఊరుకుంటే అబద్ధం చెప్పడం నాకు చాలా కష్టంగా ఉండేది. కానీ మనుషులను తేల్చడానికి ఏదో ఒక సూత్రం లేకుండా ఎక్కువ కాలం బతకడం ఆయన వల్ల కాలేదు. రాజీ వెళ్ళాక ఆ గది కోసం ఒక పిల్ల వచ్చింది, ఆదిలాబాద్ వైపు నుంచి. తాత వసారాలో కూర్చోబెట్టి, ఊరేదనీ అడగలేదు, తండ్రి ఏం చేస్తాడనీ అడగలేదు. తిన్నావా అని అడిగాడు. అప్పటిదాకా ఏదో హాస్టల్లో నీళ్ళ సాంబారు తిని బతికిన పిల్ల, నానమ్మ జొన్నరొట్టె, పప్పు, పుంటికూర పెడితే మాట్లాడకుండా మూడోసారి దాకా పెట్టించుకుంది. తాత అంతా గమనించి, గది ఇచ్చేశాడు. ఆ పిల్ల సామాను తెచ్చుకోవడానికి వెళ్ళగానే మాకు తన కొత్త సిద్ధాంతం చెప్పాడు. పెట్టింది వద్దనకుండా కడుపునిండా తినేవాళ్ళ మనసు సాఫ్ ఉంటుందట, అది తాను పక్కాగా కనిపెట్టాడట.

నేను అత్త వైపు చూశాను. ఆమె ఏదో అనబోయి, నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళి, దీన్ని పరీక్షించవా అని అడిగాను. హాస్టల్ కూడు తినివచ్చే పిల్లల్లో ఈ పరీక్ష తప్పేవాళ్ళెవరని, ఎవ్వరూ తప్పని పరీక్ష అసలు పరీక్షే కాదని అత్త గుసగుసగా చెప్పింది. మరి తాతకు చెబుతావా అన్నాను. అత్త రొట్టెల గిన్నె మీద మూత పెట్టింది.

"చెప్ప" అంది. "నువ్వు సుత చెప్పకు."